రెండున్నర సెకన్లు: నత్తి ఉన్న అబ్బాయి, ఏఐ ఇంటర్వ్యూ, ఒక కేసు

హైదరాబాద్‌లో స్పీచ్ థెరపిస్ట్‌గా పద్నాలుగేళ్ల నుంచి చేస్తున్నా. నత్తితో వచ్చే పెద్దవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట చెప్తారు, "ఇంటర్వ్యూలో మాట రావట్లేదు మేడమ్" అని. అన్ని కేసుల్లోనూ అవతల కూర్చున్నది మనిషి. ఈ కేసులో అవతల మనిషి లేడు, అందుకే రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది, ఇందులో మొదటి రెండు నెలలు నేను చేసిందంతా తప్పు దారిలోనే. అబ్బాయిని అడిగి, ఇది మొత్తం చదివించి, సరే అన్నాకే పెడుతున్నా. ఊరు, కాలేజీ, కంపెనీ, ఆ టూల్ పేరు ఏవీ రాయను, ఒకట్రెండు వివరాలు కావాలనే మార్చాను.

ముందు కథ

వయసు 24, బీటెక్ అయి రెండేళ్లు, తెలంగాణలో ఒక జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేశాడు. నత్తి మూడున్నరేళ్లప్పటి నుంచే ఉంది. వాళ్ల నాన్నమ్మ వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసేదట. "వస పోస్తే మాటలొస్తాయన్నారు మేడమ్, వచ్చాయి గానీ ఇలా వచ్చాయి" అని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది, నవ్వు ఆగాక కాసేపు ఏం మాట్లాడలేదు. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని పేపర్ చదవడం కూడా అయిపోయింది. స్కూల్లో అటెండెన్స్ పిలిస్తే అందరూ "ప్రెజెంట్ సార్" అంటే వీడు "ఎస్ సార్" అనేవాడట, ప దగ్గర పట్టేస్తుంది కాబట్టి. ఇలా మాట మార్చేసుకోవడం వీళ్లందరికీ వచ్చిన విద్యే, బస్సులో దిగాల్సిన స్టాప్ పేరు రాకపోతే తర్వాతి స్టాప్‌కి టికెట్ తీసుకుని వెనక్కి నడిచినవాళ్లు కూడా నాకు తెలుసు. మార్చుకోలేనిది ఒక్కటే, సొంత పేరు.

ఎస్ఎస్ఐ-4 చేశాను (నత్తి తీవ్రత కొలిచే టెస్ట్), మోడరేట్ వచ్చింది. ఆ మాట కంటే ముఖ్యమైంది ఇక్కడ రకం. నత్తి అనగానే అందరికీ "క-క-కమల" గుర్తొస్తుంది, అది రిపిటీషన్. "స్స్స్సీత" అని సాగితే ప్రొలాంగేషన్. మూడోది బ్లాక్, పెదాలు ఆ అక్షరం దగ్గరకి వచ్చి బిగుసుకుపోతాయి, గాలి కదలదు, శబ్దం రాదు. చూసేవాళ్లకి గొంతు బిగుసుకోవడం, కళ్లు మూసుకోవడం కనిపిస్తుంది గనక మాట వస్తోందని తెలుస్తుంది, కళ్లు మూసుకుని వినేవాళ్లకి మాత్రం అది ఉత్త నిశ్శబ్దమే. ఈ అబ్బాయివి ఎక్కువ బ్లాక్‌లు. ఆ టెస్ట్‌లో మూడు పొడవైన వాటి సగటు తీస్తాం, నాలుగు సెకన్ల పైనే వచ్చింది. ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి.

ఏ సమస్యతో వచ్చాడు

రెండు కంపెనీల్లో మొదటి రౌండ్ ఏఐ ఇంటర్వ్యూ, రెండిట్లోనూ ఒకటే టూల్. స్క్రీన్ మీద బొమ్మ ఉంటుంది, ప్రశ్న అడుగుతుంది, మనం నోటితో జవాబు చెప్పాలి, పక్కన టైమర్ తగ్గుతూ ఉంటుంది, మనం ఆపేశామని దానికి అనిపిస్తే తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతుంది. ఏడు ప్రశ్నలు, ఇరవై నిమిషాలు అని మెయిల్‌లో రాశారు. వీడికి ఆరు నిమిషాల్లో అయిపోయింది. మొదటి ప్రశ్నే పరిచయం చేసుకోమని, "మై నేమ్ ఈజ్" అన్నాడు, పేరు దగ్గర పట్టేసింది, బొమ్మ చిరునవ్వుతో "థాంక్యూ, లెట్స్ మూవ్ టు ద నెక్స్ట్ క్వశ్చన్" అంది. అంటే పేరు కూడా చెప్పకుండానే ఆ ప్రశ్న అయిపోయింది. రాత్రికల్లా రిజెక్ట్ మెయిల్, కింద ఫీడ్‌బ్యాక్, "కమ్యూనికేషన్: లో".

నన్ను అడిగింది ఒకటే, "మేడమ్, నెలన్నరలో ఇంకో డ్రైవ్ ఉంది, అప్పటికి తగ్గించగలరా?"

తగ్గించలేను అని చెప్పాల్సింది. పెద్దవాళ్లలో నత్తి నెలన్నరలో పోదు, మేనేజ్ చేసుకోవడం వస్తుంది అంతే, అది నేను రోజూ చెప్పే మాటే. కానీ ఆ రోజు "చూద్దాం" అన్నాను. ఎందుకన్నానో రాస్తా.

నా మొదటి ఊహ, అది ఎందుకు తప్పయింది

నత్తి ఉన్నవాళ్లు ఒంటరిగా తమలో తాము మాట్లాడుకునేటప్పుడు దాదాపు తడబడరు. ఇది మా ఫీల్డ్‌లో ఎప్పటి నుంచో తెలిసిన సంగతే, 2021లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఎరిక్ జాక్సన్ టీమ్ దాన్ని రికార్డింగులతో సహా చూపించింది కూడా, ఎవరూ వినట్లేదని నిజంగా నమ్మినప్పుడు నత్తి దాదాపు మాయమైపోతుందని. దాన్నిబట్టి నేను లెక్కేసుకున్నది ఏంటంటే, అవతల మెషీనే కదా, మొహం చిట్లించదు, వాచ్ చూసుకోదు, కాబట్టి కొంచెం టెక్నిక్ నేర్పితే మనిషి కంటే ఇదే తేలిక అని. ఆ టూల్‌లో ప్రాక్టీస్ మోడ్ ఉంది, వాడిని గదిలో వదిలేసి నేను బయటికి వెళ్లి చేయించాను, రికార్డింగ్ వింటే చక్కగా మాట్లాడాడు. నా ఊహ కరెక్టేనని తెగ సంబరపడ్డా.

ప్రాక్టీస్ మోడ్‌లో మార్కులుండవు, అది వాడికి తెలుసు. అసలు ఇంటర్వ్యూలో ఆ బొమ్మ వెనకాల ఎవరో లెక్క రాస్తున్నారనీ తెలుసు. పైగా టైమర్. తొందరపెడితే నత్తి పెరుగుతుందని మేం మొదటి సంవత్సరం బీఏఎస్ఎల్‌పీలోనే (మా స్పీచ్ థెరపీ డిగ్రీ) చదువుకుంటాం, కళ్లెదురుగా సెకన్లు తగ్గుతూ కనిపించడం కంటే పెద్ద తొందర ఇంకేముంటుంది. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

ఆరు వారాలు ఈజీ ఆన్‌సెట్ (మాట మెత్తగా మొదలుపెట్టడం), పెదాలు గట్టిగా నొక్కకుండా తాకించడం, అచ్చులు కొంచెం సాగదీయడం నేర్పాను. క్లినిక్‌లో బాగా తగ్గింది. డ్రైవ్ వచ్చింది, వెళ్లాడు. సాగదీసి మాట్లాడిన జవాబులకి "పేస్: వెరీ స్లో" అని వచ్చింది, సాగదీయడం మర్చిపోయిన చోట బ్లాక్ వచ్చి మెషీన్ కోసేసింది. మర్నాడు వచ్చి కూర్చుని అన్న మాట నేను నోట్స్‌లో అలాగే రాసుకున్నా: "మీ టెక్నిక్ వాడితే స్లో అంటోంది మేడమ్, వాడకపోతే అసలు వినట్లేదు."

రెండో ప్రయత్నం ఇంకా చెడ్డది. బ్లాక్ రాబోతోందని అనిపించగానే "అమ్మ్..." అని గొంతులో శబ్దం పట్టుకోమన్నాను, శబ్దం వినిపిస్తే మెషీన్ ఆగుతుందేమో అని. ఆగింది. కానీ ఫిల్లర్లు ఎక్కువని మార్కులు పోయాయి. అది కూడా వదిలేయండి, అసలు భయం వేరే. ఇలాంటి ఊతశబ్దాలు మొదట్లో సాయం చేసినట్టే ఉంటాయి, కొన్నాళ్లకి అవే అలవాటైపోయి నత్తిలో భాగమైపోతాయి, తర్వాత వాటిని వదిలించడానికి వేరే థెరపీ కావాలి. రెండో వారంలో వాడు వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ కూడా "అమ్మ్" అనడం విన్నాను. ఆ రోజే ఆపేయమన్నాను. ఒక సాఫ్ట్‌వేర్ కోసం ఆ కుర్రాడి మాటని నేనే పాడుచేస్తున్నా అనిపించింది.

స్టాప్‌వాచ్ తీసిన రోజు

అప్పటిదాకా నేను అబ్బాయిని కొలిచాను గానీ మెషీన్‌ని కొలవలేదు. వినికిడి సమస్యతో ఎవరైనా వస్తే ముందు ఆడియోగ్రామ్ తీస్తాం, ఏ శబ్దం ఎంత దగ్గర వినిపించడం ఆగిపోతుందో చూస్తాం. ఇక్కడ చెవి సరిగ్గా వినపడనిది మెషీన్‌కి, మరి దాని ఆడియోగ్రామ్ ఏది?

ఒక శనివారం మధ్యాహ్నం ప్రాక్టీస్ మోడ్ పెట్టి నేనే కూర్చున్నా. నాకు నత్తి లేదు. "మై నేమ్ ఈజ్" అని ఆపేశాను, అబ్బాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాడు. తర్వాతి ప్రశ్న. మళ్లీ. పదిసార్లు చేశాం, పదిసార్లూ రెండున్నర సెకన్లకి అటూఇటూగా కోసేసింది. వాడి పొడవైన బ్లాక్‌ల సగటు నాలుగు. ఇంక చెప్పేదేముంది. టెక్నిక్‌లు, ధైర్యం, ప్రిపరేషన్ అన్నీ ఈ ఒకటిన్నర సెకను తేడాలో పడి కొట్టుకుంటున్నాయి ఇన్నాళ్లూ.

ఇంకో రెండు చూశాం. వాక్యం సగంలో ఆపి, నోరు మూసుకుని సన్నగా "మ్మ్" అంటూ ఉంటే ఆగింది, పది సెకన్లయినా. ఒకే అక్షరం "బ-బ-బ-బ" అని చెప్తూ పోతే కూడా ఆగింది. అంటే దానికి వాక్యం పూర్తయిందా లేదా అన్నదానితో పనే లేదు, శబ్దం ఉందా లేదా అంతే. మాట ముగిసిందని తేల్చే ఈ భాగాన్ని ఇంజనీర్లు ఎండ్‌పాయింటింగ్ అంటారట, మైకులో మాట ఉందా లేదా చూసి, లేకపోతే ఇన్ని మిల్లీసెకన్లు ఆగి కట్ చేయడం. ఆ ఇన్ని అన్నది ఎవరో ఒకరు ఒక రోజు కూర్చుని టైప్ చేసిన అంకె. త్వరగా జవాబిస్తేనే మనిషితో మాట్లాడినట్టుంటుందని తక్కువ పెడతారు.

నాకు ఇక్కడే ఒక విషయం అర్థమైంది, ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఎప్పుడూ అవసరం పడనిది. నా కాగితం మీద ఇద్దరికి ఒకటే మోడరేట్ ఉండొచ్చు, ఒకరికి రిపిటీషన్లు, ఇంకొకరికి బ్లాక్‌లు. మనిషి ముందు ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే. ఈ మెషీన్ ముందు మాత్రం మొదటివాడు చివరిదాకా వెళ్తాడు, రెండోవాడు పేరు కూడా చెప్పలేడు. "మా టూల్ అందరికీ ఒకటే రూల్ పెడుతుంది, మనుషుల్లా పక్షపాతం ఉండదు" అని వాళ్ల వెబ్‌సైట్‌లో రాసుకున్నారు. ఒకటే రూలే, కాదనను. కొంగకీ నక్కకీ ఒకటే పళ్లెం పెట్టిన విందు లాంటి రూలు.

ఉత్తరాలు

ఇప్పుడు తర్వాతి ఇంటర్వ్యూ పెట్టే కంపెనీకి రాయాలా వద్దా? రాస్తే నత్తి ఉందని ముందే చెప్పినట్టవుతుంది, ఆ భయం అబ్బాయిది. నేను బలవంతం చేయలేదు, ఒక లెక్క మాత్రం చెప్పాను. చెప్పకపోతే మెషీన్ ఎలాగూ "కమ్యూనికేషన్ లో" అని చెప్తోంది, అది అబద్ధం, నువ్వు చెప్తే కనీసం నిజం వెళ్తుంది. రెండు రోజులు ఆలోచించుకుని సరే అన్నాడు.

మొదటి ఉత్తరం మామూలుగా రాశాడు, నాకు నత్తి ఉంది, దయచేసి మనిషితో ఇంటర్వ్యూ పెట్టించండి అని. హెల్ప్‌డెస్క్ నుంచి రెడీమేడ్ జవాబొచ్చింది, డిసెబిలిటీ సర్టిఫికెట్ అటాచ్ చేయమని. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్‌లో 21 వైకల్యాలున్నాయి, స్పీచ్ అండ్ లాంగ్వేజ్ డిసెబిలిటీ అని ఒకటి ఉంది కూడా, కానీ దాని నిర్వచనంలో ఉదాహరణలుగా ఇచ్చింది స్వరపేటిక తీసేయడం, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) లాంటివి, శాశ్వతంగా ఉండాలి, కారణం శరీరంలోనో నరాల్లోనో ఉండాలి. చిన్నప్పటి నుంచి వచ్చే నత్తి పేరు అందులో లేదు. కాబట్టి సర్టిఫికెట్ కోసం తిరిగితే ఒక బోర్డులో ఒకలా, ఇంకో బోర్డులో ఇంకోలా ఉంటుంది వ్యవహారం. ఇంటర్వ్యూ లింక్‌కి గడువు పన్నెండు రోజులు. సర్టిఫికెట్ దారి వద్దనుకున్నాం.

రెండో ఉత్తరం వాడి ఐడియా, నాది కాదు. వాడు నేర్చుకున్నదే టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్స్) పట్టుకోవడం. "మేడమ్, నేను రిక్వెస్ట్ రాయను, బగ్ రిపోర్ట్ రాస్తా" అన్నాడు. ప్రాక్టీస్ మోడ్‌లో ఎన్నో ప్రశ్న, ఎన్నో సెకను, ఏ మాట సగంలో ఉండగా కట్ అయింది, ఏం జరగాలి, ఏం జరిగింది అని టేబుల్ వేశాడు. కింద మూడు దారులు ఇచ్చాడు, ఏదైనా సరే అని: జవాబు అయ్యాక నేనే నొక్కే బటన్, లేదా నిశ్శబ్దానికి పదిహేను సెకన్ల గడువు, లేదా టైప్ చేసే వీలు. నేను ఒక్క పేరా చేర్చాను, రిజిస్టర్డ్ స్పీచ్ థెరపిస్ట్‌గా, బ్లాక్ అంటే ఏంటో నాలుగు వాక్యాల్లో.

పంపేముందు ఒక డౌట్ వచ్చింది. సరే మెషీన్ ఆగిందే అనుకుందాం, ఆగాక అది రాసుకునే ట్రాన్‌స్క్రిప్ట్ కరెక్టుగా ఉంటుందా? వాళ్లు ఏ మోడల్ వాడతారో మాకు తెలీదు, కాబట్టి మాటని అక్షరాల్లోకి మార్చే, అందరికీ ఫ్రీగా దొరికే విస్పర్ అనే మోడల్‌ని అబ్బాయి లాప్‌టాప్‌లోనే పెట్టి, క్లినిక్ రికార్డింగులు ఇచ్చాం. ఒక జవాబులో ఆరు సెకన్ల బ్లాక్ ఉంది, ఆ ఖాళీలో అది "థాంక్యూ ఫర్ వాచింగ్" అని రాసింది! ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాక భయం వేసింది, ఎందుకంటే వాడు అనని మాట వాడి నోట్లో పెట్టింది అది. ఇది మాకొక్కరికే జరిగిన వింత కాదు, 2024లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన అలిసన్ కోనెకీ వాళ్లు అఫేసియా ఉన్నవాళ్ల రికార్డింగులు, లేనివాళ్లవి విస్పర్‌కి ఇచ్చి చూస్తే సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో అసలు లేని వాక్యాలు పుట్టుకొచ్చాయి, మాటల మధ్య ఖాళీలు ఎక్కువ ఉన్నవాళ్లకే ఎక్కువ. అలా పుట్టినవాటిలో 38 శాతం హాని చేసే రకం, హింస, లేనిపోని పేర్లు, అలాంటివి. అందుకని ఉత్తరంలో ఇంకో లైను కలిపాం, మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్ చూసి కాకుండా ఎవరైనా ఆడియో విని వేయాలి అని.

ఎనిమిది రోజులకి జవాబొచ్చింది. మెషీన్ రాసింది కాదు, మనిషి రాసిందే. తెలిసిందేంటంటే ఆ బటన్ టూల్‌లో మొదటి నుంచీ ఉంది. సెట్టింగ్స్‌లో ఒక టిక్. కంపెనీ పెట్టుకునేటప్పుడు ఎవరూ టిక్ పెట్టలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఆడియో ఒక రిక్రూటర్ వింటామన్నారు. ఫ్లుయెన్సీ స్కోరు లెక్కలోంచి తీసేస్తారా అని అడిగినదానికి మాత్రం జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వాళ్లు ఇంత తొందరగా కదలడానికి మా ఉత్తరం గొప్పతనం ఒక్కటే కారణమని నేననుకోను, ఆ కంపెనీ పేరెంట్ కంపెనీ యూరప్‌ది, 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అక్కడి ఏఐ చట్టం ఉద్యోగాల ఎంపికకి వాడే ఏఐని హై రిస్క్ జాబితాలో పెట్టింది, కాబట్టి బగ్ రిపోర్ట్ అన్న మాట సరైన టేబుల్ మీద పడి ఉంటుంది. ఇక్కడి చిన్న కంపెనీ అయితే ఏమయ్యేదో.

తర్వాత

ఇంటర్వ్యూకి ముందు మిగిలిన ఆ కొద్ది రోజుల్లో నేను మాట మీద పని చేయనేలేదు. ఒక్కటే ప్రాక్టీస్ చేయించాను, బ్లాక్ వస్తే రానీ, దాన్ని దాటడానికి మాట మార్చకు, అయ్యాక బటన్ నొక్కు. పేరు దగ్గర తొమ్మిది సెకన్లు పట్టిందట. బొమ్మ చిరునవ్వుతో అలాగే ఉందట. పేరు చెప్పాడు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు పట్టింది, పాసయ్యాడు.

రెండో రౌండ్ ఇద్దరు మనుషులతో. మొదట్లోనే చెప్పేశాడు, నాకు నత్తి ఉంది, కొంచెం టైం పడుతుంది అని. ఒకాయన ఓపిగ్గా విన్నాడు, ఇంకొకాయన ప్రతి మాటా వీడు పూర్తి చేయకముందే తనే పూర్తి చేసేశాడట, అందులో సగం తప్పులు. ఆయనకి టిక్ పెట్టే సెట్టింగ్ లేదు కదా! అక్కడ పోయింది, కానీ నత్తి వల్ల కాదు, ఎస్‌క్యూఎల్ జాయిన్స్ (డేటాబేస్ మీద ప్రశ్న) దగ్గర పోయింది, అది వాడే ఒప్పుకున్నాడు. "ఈసారి రాక పోయింది మేడమ్, రానివ్వక కాదు" అన్నాడు, వినడానికి ఎంత బాగుందో ఆ మాట. మూడు నెలలకి వేరే చోట తెలిసినవాళ్ల ద్వారా చేరాడు, ఇప్పుడు టెస్టింగ్‌లోనే ఉన్నాడు.

నా ప్రాక్టీసులో మారిందేంటంటే, కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఇంటేక్ ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను, మీరు మాట్లాడాల్సినవాటిలో మెషీన్లు ఏవేవి అని. కస్టమర్ కేర్, బ్యాంకు, వాయిస్ టైపింగ్, ఇంటర్వ్యూ. ఉంటే మొదటి సెషన్‌లోనే దాన్ని కొలుస్తాం, ఆ తర్వాతే థెరపీ గోల్స్ రాస్తా. తోటి థెరపిస్టులకి కూడా ఇదే చెప్తున్నా, మెషీన్‌ని దాటించడం అన్నదాన్ని థెరపీ గోల్‌గా రాయకండి, అది మారిపోతే మన ఆరు వారాలూ బూడిదలో పోసిన పన్నీరే. ఇంకా నాకు మింగుడుపడని విషయం, ఆ కంపెనీ టిక్ పెట్టింది వీడొక్కడికే. మిగతా అందరికీ ఇప్పటికీ రెండున్నర సెకన్లే.

పోయిన నెల ఇంకో అమ్మాయి వచ్చింది, అదే టూల్, ఇంకో కంపెనీ. నేను గొప్పగా పాత ఉత్తరం తీసి, పేరూ తేదీలూ మార్చుకుని పంపించమ్మా అని ఇచ్చాను. మొత్తం చదివి, "మేడమ్, ఇ-ఇ-ఇది నాకు పనికిరాదు, నన్ను అది ఆపట్లేదు, నేను అన్నవన్నీ నాలుగేసి సార్లు రాసుకుంటోంది" అంది. నిజమే, ఆ అమ్మాయికి బ్లాక్‌లు లేవు, అన్నీ రిపిటీషన్లే. ఉత్తరం పక్కన పెట్టి మళ్లీ లాప్‌టాప్ తెరిచాం.